ఎయిర్ సస్పెన్షన్ రిపేరు: స్పెషలిస్టు గ్యారేజీ లక్షా 38 వేలు అడుగుతోంది, కట్టొచ్చా?

గోధుమరంగు_బండి
నవంబరు 8, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మేము నల్లగండ్లలో ఉంటాం. 2014 మోడల్ జర్మన్ ఎస్‌యూవీ, నాలుగు చక్రాలకీ ఎయిర్ సస్పెన్షన్. కంపెనీ పేరు రాస్తే చర్చ దాని మీదికి మళ్లుతుంది కాబట్టి రాయడం లేదు. 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఇప్పటికి 94,000 కిలోమీటర్లు తిరిగింది. నాన్నకి వెన్నెముక ఆపరేషన్ అయ్యాక మామూలు కారులో అరగంట కూడా కూర్చోలేకపోయేవారు. ఈ బండిలో మొదటిసారి కూర్చున్నప్పుడు మియాపూర్ నుంచి పంజాగుట్ట దాకా ఒక్కసారి కూడా "అబ్బా" అనలేదు. అందుకే కొన్నాం. ఇప్పుడు అమ్మే ఆలోచన లేకపోవడానికి కారణం కూడా అదే.

ఆగస్టులో ఒకరోజు పొద్దున సెల్లార్‌లోకి దిగేసరికి బండి ముందు ఎడమ వైపు ఒరిగిపోయి ఉంది. టైరుకీ పైన రేకుకీ మధ్య రెండు వేళ్లు పట్టే సందు కూడా లేదు. స్టార్ట్ చేస్తే నిమిషంలో లేచి నిలబడింది. సరేలే అని రెండు మూడు వారాలు అలాగే తిప్పాం. ఆ తర్వాత బండి లేవడానికి ఎక్కువసేపు పట్టడం మొదలైంది, బానెట్ వైపు నుంచి గర్రుమని చప్పుడు. చివరికి డ్యాష్‌బోర్డు మీద బండి ఆపమని ఎర్ర హెచ్చరిక. తెలిసినవాళ్లు చెప్పిన గ్యారేజీకి తీసుకెళ్తే పది నిమిషాలు చూసి "గాలి నింపే కంప్రెసర్ పోయింది మేడమ్" అన్నారు. మావారు పుణెలో ఉద్యోగం, ఇక్కడ అన్నీ నేనే చూసుకోవాలి. 62,000 కట్టేశాను. ఐదు వారాలు బాగానే నడిచింది. దీపావళి మర్నాడు పొద్దున మళ్లీ అదే మూల, మళ్లీ అలాగే కూర్చుంది.

ఇప్పుడు మూడు మాటలు విన్నాను. కంపెనీ వర్క్‌షాపు వాళ్లు ముందు రెండు స్ట్రట్లు (గాలి పట్టే రబ్బరు తిత్తి, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం), కంప్రెసర్, వాల్వ్ బ్లాక్ అన్నీ మార్చాలి, 4,35,000 అన్నారు. ఎయిర్ సస్పెన్షన్ పని మాత్రమే చేసే గ్యారేజీ ఒకటి 1,38,000 అంటోంది, సగం అడ్వాన్సు. మూడో ఆయన "బెల్లో, అంటే ఆ రబ్బరు తిత్తి, ఒక్కటి మార్చేస్తాను, 28,000 ఇవ్వండి చాలు" అంటున్నాడు. ఒకసారి డబ్బు పోయింది. మళ్లీ పోతుందేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.


పాతబండి_పిచ్చి
నవంబరు 8, రాత్రి 11:05

అక్కా, ముందు ఒక మాట. మీ కొత్త కంప్రెసర్ ఇంకా బతికే ఉంటే దాన్ని కాపాడుకోండి. బండి కూర్చుని ఉన్నప్పుడు మాటిమాటికీ స్టార్ట్ చేసి లేపకండి. పాత కంప్రెసర్ పోయింది కూడా అందుకే అయి ఉంటుంది.

ఎందుకంటే రాత్రంతా ఎక్కడో గాలి కారుతోంది. పొద్దున ఆ గాలినంతా మళ్లీ నింపాల్సింది కంప్రెసరే. రోజుకి నాలుగు సెకన్ల పని చేయాల్సిన దానితో నాలుగు నిమిషాల పని చేయిస్తే లోపల పిస్టన్ రింగు అరిగిపోతుంది, మోటారు వేడెక్కుతుంది. ఆ గ్యారేజీ వాళ్లు లీకు వెతకలేదు. చిల్లు కుండ నింపడానికి కొత్త చేద కొన్నట్టయింది.

నాది కూడా ఇలాంటి బండే, వెనక కుడి వైపు. నేను కూడా మొదట కంప్రెసరే మార్పించాను, తర్వాత తెలుసుకున్నాను.


కొంపల్లి_కొత్తోడు
నవంబరు 9, ఉదయం 7:40

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఎయిర్ సస్పెన్షన్ అంటే అసలు లోపల ఏముంటుంది? నేను కూడా వచ్చే నెల ఇలాంటి సెకండ్ హ్యాండ్ బండి కొందామనుకుంటున్నాను, అందుకే.


బస్సు_డిపో_రిటైర్డ్
నవంబరు 9, ఉదయం 9:15

బాబూ, నేను 31 ఏళ్లు బస్సుల మీద పని చేశాను. తేలిగ్గా చెబుతాను.

మామూలు బండిలో బరువును మోసేది ఇనుప స్ప్రింగు. ఇందులో స్ప్రింగు బదులు రబ్బరు తిత్తి ఉంటుంది. దాన్నే మేము బెల్లో అంటాం, కార్లవాళ్లు బ్యాగు అంటారు. లోపల గాలి పట్టి ఉంటుంది, ఆ గాలే స్ప్రింగు. మనుషులు ఎక్కితే చక్రం దగ్గరున్న సెన్సారు బండి ఎంత దిగిందో చూస్తుంది, కంప్యూటరు కంప్రెసర్‌ని తిప్పి గాలి పంపిస్తుంది. మనుషులు దిగితే ఆ గాలిని వదిలేస్తుంది. ఏ చక్రానికి గాలి పోవాలో తెరిచి మూసేది వాల్వ్ బ్లాక్. కంప్రెసర్ పక్కనే ఒక డ్రయ్యర్ ఉంటుంది, అందులో తేమ పీల్చే గుళికలు. మన హైదరాబాద్ వానాకాలంలో ఆ గుళికలు తడిసి ముద్దయితే నీళ్లు లైన్లలోకి, వాల్వులలోకి పోతాయి. చాలామంది ఈ డ్రయ్యర్‌ని అసలు పట్టించుకోరు.

వోల్వో బి7ఆర్ బస్సు 2001లో మన దేశానికి వచ్చింది. అప్పటిదాకా పట్టీల స్ప్రింగుల మీద ఊగిపోయిన ప్రయాణికులు ఆ బస్సు ఎక్కి, గ్లాసులో నీళ్లు కదలడం లేదని మాతో చెప్పేవారు. అదంతా ఈ గాలి పుణ్యమే.

కానీ బస్సుకీ కారుకీ ఒక పెద్ద తేడా ఉంది, అమ్మాయి బండి సంగతి అర్థం కావాలంటే అది తెలియాలి. బస్సులో బ్రేకులకి కూడా గాలే కావాలి. అందుకని ఇంజనే తిప్పే పెద్ద కంప్రెసర్ ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నంతసేపు గాలి వస్తూనే ఉంటుంది. బెల్లో కొంచెం కారుతున్నా బస్సు సాయంత్రం దాకా తిరిగేస్తుంది. కారులో ఉన్నది పిడికెడు ఎలక్ట్రిక్ మోటారు. కాసేపు తిరిగి ఆగడానికే దాన్ని చేశారు. వేడెక్కితే కంప్యూటరే దాన్ని ఆపేస్తుంది. అందుకే కారులో సన్న లీకుని కూడా నిర్లక్ష్యం చేయకూడదు.

అమ్మా, ఆ 28 వేల ఆయన దగ్గరికీ, 1,38,000 వాళ్ల దగ్గరికీ ఇప్పుడే వెళ్లకండి. ముందు ఇంట్లో టేపు పెట్టి కొలవండి. చక్రం మధ్యలో ఉన్న లోగో దగ్గర నుంచి నిటారుగా పైన రేకు అంచు దాకా. నాలుగు మూలలా, రాత్రి ఆపగానే ఒకసారి, పొద్దున స్టార్ట్ చేయకముందే ఒకసారి. మూడు రోజులు కాగితం మీద రాయండి. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. బండి కింద తల గానీ, చక్రం పైన సందులో చెయ్యి గానీ పెట్టకండి. గాలి బండి చెప్పకుండా కిందికి దిగుతుంది.


కాయిల్_స్ప్రింగే_మేలు
నవంబరు 9, మధ్యాహ్నం 1:30

మేడమ్, ఇదంతా ఎందుకు? నాలుగు చక్రాలకీ ఇనుప స్ప్రింగులు వేయించేయండి. మా బావమరిది బండికి వేయించాం, మూడేళ్లయింది, ఒక్క రూపాయి ఖర్చు లేదు. విదేశాల్లో కిట్లే అమ్ముతారు. గాలి బ్యాగుకి పదేళ్లే ఆయుష్షు, ఇనుముకి జీవితకాలం.


పాతబండి_పిచ్చి
నవంబరు 9, మధ్యాహ్నం 2:10

అన్నా, మీ మాట పూర్తిగా తప్పని అనను. పదిహేనేళ్లు దాటి, విలువ బాగా పడిపోయిన బండికి అది సరైన దారే కావచ్చు. కానీ అక్క ఈ బండి ఎందుకు కొన్నారో మొదటి పోస్టులోనే రాశారు. ఆమె తండ్రి వెన్నుముక కోసం. స్ప్రింగులు వేస్తే మిగిలేది మామూలు బండే, దానికన్నా కొంచెం గట్టిదే అవుతుంది. ఎక్కేటప్పుడు బండిని కిందికి దించే సౌకర్యం కూడా పోతుంది. పైగా ఆ కంప్యూటరుకి గాలి లేదని తెలియకుండా చేయడానికి ఇంకో పరికరం పెట్టాలి. హెడ్‌లైట్ల ఎత్తును సరిచేసే వ్యవస్థ కూడా ఆ సెన్సార్ల మీదే ఆధారపడి ఉంటుంది. మార్పు చేశామని ఇన్సూరెన్సు కంపెనీకి రాసి ఇవ్వాలి, లేకపోతే రేపు క్లెయిమ్‌లో గొడవ.


కాయిల్_స్ప్రింగే_మేలు
నవంబరు 9, మధ్యాహ్నం 2:25

తండ్రిగారి సంగతి సరిగ్గా చదవలేదు. ఆ కారణం ఉంటే గాలినే ఉంచుకోండి మేడమ్.


ఉప్పల్_రోడ్డు
నవంబరు 9, సాయంత్రం 6:50

బెల్లో ఒక్కటి మార్చే పని గురించి నా అనుభవం రాస్తాను, మేడమ్ ఆ 28 వేల వైపు మొగ్గే ముందు చదవాలి.

నేను రెండేళ్ల కింద అదే చేయించాను. స్ట్రట్ విప్పి, పాత రబ్బరు కోసేసి, కొత్త రబ్బరు తొడిగి, చుట్టూ ఇనుప పట్టీ బిగించారు. ఆ పట్టీని కంపెనీలో యంత్రంతో సమానంగా నొక్కుతారు. నాకు మామూలు పట్టకారుతో నొక్కారు. నాలుగు నెలలకి పట్టీ కింద నుంచి గాలి కారడం మొదలైంది. తిరిగి తీసుకెళ్తే "రబ్బరు మాది కాదు, మీరు తెచ్చిందే కదా" అన్నారు. నేను తెచ్చింది వాళ్లు చెప్పిన షాపు నుంచే. సరైన యంత్రం ఉన్న చోట ఇదే పని బాగా చేస్తారు, రీబిల్డ్ చేసిన స్ట్రట్లు ప్రపంచమంతా అమ్ముతారు. రీబిల్డ్ అనే పద్ధతిలో తప్పు లేదు, ఎవరు ఏ పనిముట్టుతో చేస్తున్నారో చూసుకోవాలి.


రాణిగంజ్_పార్ట్స్
నవంబరు 9, రాత్రి 9:40

నేను స్పేర్ పార్ట్స్ వ్యాపారంలో ఉన్నాను. నేను ఏ గ్యారేజీ తరఫునా మాట్లాడటం లేదు, నా దగ్గర కొనమని కూడా అడగడం లేదు.

ధరల్లో తేడా ఎందుకొస్తుందో చెబుతాను. ఒకే స్ట్రట్ మూడు రకాలుగా దొరుకుతుంది. బండి కంపెనీ డబ్బాలో వచ్చేది. అదే తయారీదారు తన సొంత డబ్బాలో అమ్మేది. మూడోది బయటి కంపెనీలు చేసినవి, వీటిలో మంచివీ ఉన్నాయి, ఆర్నెల్లకి పగిలేవీ ఉన్నాయి. బిల్స్టైన్, కాంటినెంటల్, ఆర్నాట్ లాంటి పేర్లు వినే ఉంటారు. మీకు ఎస్టిమేటు ఇచ్చినవాళ్లని "స్ట్రట్ ఏ కంపెనీది, పార్ట్ నంబరు ఎంత, డబ్బా నా ఎదురుగా తెరుస్తారా" అని అడగండి. సమాధానం చెప్పడానికి ఇష్టపడనివాళ్లకి అడ్వాన్సు ఇవ్వకండి.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి సస్పెన్షన్ భాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొంతమంది పాత ఎస్టిమేట్లనే ఇంకా తిప్పి ఇస్తున్నారు. మీ కాగితం మీద పన్ను ఎంత వేశారో చూసుకోండి. లక్ష రూపాయల సామాను మీద పది వేలు మిగులుతుంది.


గోధుమరంగు_బండి
నవంబరు 10, ఉదయం 8:05

కంపెనీ వర్క్‌షాపు కాగితం అక్టోబరు 27ది. అందులో స్ట్రట్ల మీద 28 శాతమే వేశారు! ఫోన్ చేసి అడిగాను, "సిస్టమ్‌లో అప్‌డేట్ అవ్వలేదు, సరిచేసి పంపిస్తాం" అన్నారు. చాలా థాంక్స్ అండీ. టేపు కొన్నాను. ఈరోజు రాత్రి నుంచి కొలుస్తాను.


గోధుమరంగు_బండి
నవంబరు 13, ఉదయం 7:30

మూడు రాత్రులు కొలిచాను. అన్నీ సెంటీమీటర్లలో.

మొదటి రాత్రి ఆపినప్పుడు ముందు ఎడమ 47.5, ముందు కుడి 47.5, వెనక రెండూ 48. పొద్దునకి ముందు ఎడమ 39. ముందు కుడి 47, వెనక రెండూ 47.5. రెండో రాత్రి దాదాపు అదే, ఎడమ 39.5కి దిగింది. మూడో రాత్రి నాన్న చెప్పినట్టు రెండు గంటలకోసారి వెళ్లి చూశాను. మొదటి రెండు గంటల్లోనే 4 సెంటీమీటర్లు దిగింది, తర్వాత నెమ్మదిగా. ఇంకో విషయం గమనించాను. సెల్లార్‌లో ఎవరూ లేనప్పుడు, ఏ బండీ నడవనప్పుడు, ఆ చక్రం దగ్గర చెవి పెడితే సన్నగా "స్స్" అని వినిపిస్తోంది. నాన్న కూడా లిఫ్టులో కిందికి వచ్చి విన్నారు.


బస్సు_డిపో_రిటైర్డ్
నవంబరు 13, ఉదయం 10:00

చాలా బాగా కొలిచావమ్మా. మీ నాన్నగారు కూడా తోడుండటం చూసి సంతోషంగా ఉంది.

ఇక విను. మిగతా మూడు మూలలు అర సెంటీమీటరు దిగడం రోగం కాదు. పగలు వేడిగా ఉన్న గాలి రాత్రి చల్లబడితే కొంచెం కుంచించుకుంటుంది. ఒక్క మూల మాత్రమే, ప్రతి రాత్రీ అదే మూల ఎనిమిది సెంటీమీటర్లు దిగుతోంది. అంటే లీకు ఆ బ్యాగులో ఉండాలి, లేదా ఆ బ్యాగుకి వచ్చే సన్న పైపులో, పైపు బిగించిన చోట, లేదా వాల్వ్ బ్లాక్‌లో ఆ ఒక్క చక్రానికి సంబంధించిన వాల్వులో. ఒకరోజు ఎడమ, ఒకరోజు కుడి దిగి ఉంటే, లేదా ముందు రెండూ కలిసి దిగి ఉంటే నేను ముందుగా వాల్వ్ బ్లాక్‌నే అనుమానించేవాణ్ని. మొదట్లో త్వరగా, తర్వాత నెమ్మదిగా దిగుతోంది అన్నావు చూడు. బ్యాగు నిండుగా ఉన్నప్పుడు ఒక మడత తెరుచుకుని కారుతుంది, కిందికి దిగాక అదే మడత ఒకదాని మీద ఒకటి పడి కొంత మూసుకుంటుంది. రబ్బరులో పగులు ఉన్నప్పుడు ఇలా జరగడం చూశాను. కానీ నేను బండిని కళ్లతో చూడలేదు కాబట్టి ఇది నా ఊహే.

కొన్ని కార్లలో ఇంకో చిక్కు ఉంటుంది. బండి ఆపేశాక కూడా కంప్యూటరు గంటల తర్వాత ఒకసారి మేలుకుని, ఒక మూల దిగి ఉంటే మిగతా మూడు మూలలనీ దానికి సమానంగా దించేస్తుంది. అప్పుడు పొద్దున చూస్తే అన్ని మూలలా లీకులాగే కనిపిస్తుంది. మీ బండిలో అలా జరగడం లేదు, అది మీ అదృష్టం.


పాతబండి_పిచ్చి
నవంబరు 13, మధ్యాహ్నం 12:20

అక్కా, ఈ కాగితం పట్టుకుని ఆ స్పెషలిస్టు దగ్గరికే వెళ్లండి. కానీ 1,38,000కి ఒప్పుకోకండి, ముందు పరీక్షకి మాత్రమే డబ్బు ఇవ్వండి. "లీకు ఎక్కడుందో నాకు చూపించండి, దానికి ఎంత తీసుకుంటారో చెప్పండి, రిపేరు సంగతి తర్వాత మాట్లాడదాం" అనండి. మంచివాళ్లయితే సంతోషంగా ఒప్పుకుంటారు. నా బండికి అలాగే 3,500 ఇచ్చాను. ఈ బండి మీద నేను పెట్టిన ఖర్చంతటిలో వృథా కాని డబ్బు అదొక్కటే.


గోధుమరంగు_బండి
నవంబరు 15, రాత్రి 9:50

ఈరోజు వెళ్లొచ్చాను. వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇన్నాళ్లూ నాకు కావాల్సింది ఇదే, ఎవరైనా చూపించడం.

పరీక్షకి 4,000 అన్నారు, రిపేరు అక్కడే చేయిస్తే బిల్లులో తగ్గిస్తామన్నారు. ఉస్తాద్ వయసు యాభై పైనే ఉంటుంది. నా కాగితం తీసుకుని నాలుగు అంకెలూ చదివి "ఇది ఎవరు నేర్పారు బేటీ" అని అడిగారు. ముందు కంప్యూటరు పెట్టి స్కాన్ చేశారు. కంప్రెసర్ ఎక్కువసేపు తిరిగిందని ఒక కోడ్, ఎత్తు అందుకోలేకపోతోందని ఒక కోడ్. "ఈ కోడ్ చూసే మీకు కంప్రెసర్ మార్చి ఉంటారు. కోడ్ చెప్పేది గాలి అందలేదని మాత్రమే, ఎందుకు అందలేదో వెతకాల్సింది మనం" అన్నారు.

తర్వాత బండిని లిఫ్టు మీద పెట్టారు. పెట్టే ముందు మెనూలో జాకీ మోడ్ వేశారు, అది వేయకపోతే చక్రాలు గాల్లో ఉన్నప్పుడు బండి తనంతట తాను గాలి వదిలేసే ప్రమాదం ఉందట. చక్రం విప్పి, లోపలి ప్లాస్టిక్ తీసి, స్ప్రే సీసాలో కలిపిన సబ్బు నీళ్లు ముందు పైపు బిగించిన చోట కొట్టారు. ఏమీ లేదు. వాల్వ్ బ్లాక్ దగ్గర కొట్టారు. అక్కడా లేదు. ఆ తర్వాత బ్యాగు చుట్టూ మెల్లగా కొట్టుకుంటూ వచ్చారు. అడుగున రబ్బరు లోపలికి మడత పడే చోట, ఇంజన్ వైపు, నాకు కనిపించని పక్కన ఆగి "రండి" అని పిలిచి చిన్న అద్దం పెట్టి టార్చి వేశారు. మడత పొడుగునా వెంట్రుకంత సన్నటి పగుళ్లు, ఎండిన చెరువు మట్టిలా. వాటిలో ఒకదాని నుంచి ఆవగింజంత బుడగలు ఒకదాని మీద ఒకటి పుట్టి, తెల్లటి నురగ గుత్తిలా పెరిగి, పక్కకి జారుతున్నాయి. తుడిచేసి మళ్లీ కొడితే మళ్లీ అక్కడే. నేను ఫోన్‌లో తీసి నాన్నకి పంపాను.

62 వేలు కట్టిన రోజు ఎవరైనా ఈ సబ్బు నీళ్లు కొట్టి ఉంటే ఎంత బాగుండేది. దారిలో బండి పక్కకి ఆపి కాసేపు ఏడ్చాను, నిజం చెబుతున్నాను.

ముందు కుడి బ్యాగు కూడా చూపించారు. అక్కడ కూడా సన్న గీతలు ఉన్నాయి, కానీ గాలి రావడం లేదు. డ్రయ్యర్ విప్పితే గుళికలు సగం పొడిగా, సగం మెత్తగా ముద్దగా ఉన్నాయి. మొదటి గ్యారేజీ వాళ్లు కంప్రెసర్ మార్చారు కానీ డ్రయ్యర్ పాతదే ఉంచేశారట. కంప్రెసర్‌కి కరెంటు ఇచ్చి ఆపే రిలే స్విచ్ కూడా మార్చలేదు. పాత రిలే లోపల అతుక్కుపోతే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుందట.

ఇప్పుడు ప్రశ్న: ఒక్క ఎడమదే మార్చాలా, రెండూనా? ఎడమ ఒక్కటి, డ్రయ్యర్ గుళికలు, రిలే, వాల్వ్ బ్లాక్ ఓ-రింగులు (గాలి కారకుండా వేసే రబ్బరు రింగులు) కలిపి 96,000. రెండూ అయితే 1,61,000.


కాయిల్_స్ప్రింగే_మేలు
నవంబరు 15, రాత్రి 10:15

షాక్ అబ్జార్బర్లు ఎప్పుడూ జతగా మార్చాలి. రెండూ మార్చండి.


రాణిగంజ్_పార్ట్స్
నవంబరు 15, రాత్రి 10:40

నేను ఒప్పుకోను, సామాను అమ్మేవాణ్ని అయినా. జతగా మార్చాలనే మాట స్ట్రట్‌లోని డ్యాంపర్ గురించి, అంటే కుదుపుని ఆపే షాక్ అబ్జార్బర్ గురించి. ఒక వైపు కొత్తది, ఒక వైపు పూర్తిగా అరిగిపోయినది ఉంటే బండి బ్రేకు వేసినప్పుడు ఒక వైపు లాగుతుంది. కుడి డ్యాంపర్ ఆయిల్ కారుతోందా, పరీక్షలో బలహీనంగా ఉందా అని అడగండి. డ్యాంపర్ బాగుండి, బ్యాగు కారకుండా ఉంటే ఆ 65,000 ఈరోజే ఖర్చు పెట్టాల్సిన అవసరం లేదు. కానీ డబ్బు పక్కన పెట్టుకోండి, ఆ గీతలు మాయమైపోవు.


బస్సు_డిపో_రిటైర్డ్
నవంబరు 16, ఉదయం 6:30

నేను కూడా అదే అంటాను. నెలకోసారి టేపు పెట్టి కొలిస్తే కుడిది మొదలైన మొదటి వారంలోనే తెలిసిపోతుంది. అప్పుడు మార్చు. కంప్రెసర్ మీద భారం పడకముందే మార్చడమే ముఖ్యం.

బిగించేటప్పుడు ఒక్కటి చూడు. కొత్త స్ట్రట్ బిగించాక, బండిని నేల మీదికి దించకముందే దాంట్లో గాలి పట్టాలి. ఖాళీ బ్యాగు మీద బరువు పడితే రబ్బరు అడ్డదిడ్డంగా మడత పడి మొదటి రోజే దెబ్బతింటుంది. బస్సుల్లో కొత్త కుర్రాళ్లు ఈ తప్పు చేయడం నా కళ్లారా చూశాను. బిగించాక కంప్యూటరులో ఎత్తు సరిచేయాలి, ఆ తర్వాతే వీల్ అలైన్‌మెంట్.


నాచారం_వకీలు
నవంబరు 16, ఉదయం 11:00

మేడమ్, మొదటి గ్యారేజీ 62,000 సంగతి వదిలేశారా? సరైన పరీక్ష లేకుండా భాగం మార్చడం సేవాలోపం కిందికి రావచ్చు. బిల్లు ఉందా?


గోధుమరంగు_బండి
నవంబరు 16, ఉదయం 11:30

బిల్లు ఇవ్వలేదండీ. జీఎస్టీ లేకుండా అయితే తక్కువ అవుతుందన్నారు, నేను సరే అన్నాను. ఫోన్‌లో పంపిన డబ్బు, వాట్సాప్‌లో "కంప్రెసర్ ఫెయిల్, మార్చాలి" అని వాళ్లు రాసిన మెసేజ్ ఉన్నాయి.


నాచారం_వకీలు
నవంబరు 16, మధ్యాహ్నం 12:05

బిల్లు లేకపోవడం కేసుని బలహీనం చేస్తుంది కానీ చంపేయదు. డబ్బు వెళ్లిన రికార్డు, ఆ మెసేజ్ రెండూ సాక్ష్యాలే. ఇప్పటి గ్యారేజీ నుంచి ఏం కనిపించిందో ఒక కాగితం మీద సంతకంతో తీసుకోండి, ఆ బుడగల వీడియో తేదీతో సహా దాచుకోండి. ముందు ఆ మొదటివాళ్లకి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి, డ్రయ్యర్ ఎందుకు మార్చలేదు, లీకు పరీక్ష ఎందుకు చేయలేదు అని. తర్వాత 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి, ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు.

ఇన్సూరెన్సులో అడగడానికి ప్రయత్నించకండి. అరుగుదలకి మామూలు పాలసీ గానీ, జీరో డెప్ (భాగాల ధరలో తరుగుదల కోత లేని పాలసీ) గానీ డబ్బు ఇవ్వవు.


మోడరేటర్
నవంబరు 16, మధ్యాహ్నం 12:30

ఎవరూ మొదటి గ్యారేజీ పేరు అడగొద్దు, ఊహించి రాయొద్దు. నిన్న వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాం.


గోధుమరంగు_బండి
నవంబరు 23, రాత్రి 8:45

పని పూర్తయింది. ఎడమ ఒక్కటే మార్పించాను. కుడి డ్యాంపర్ బాగుందని రాసి ఇచ్చారు.

అడ్వాన్సు విషయం: సగం ఇవ్వమన్నారు కదా, "స్ట్రట్ వచ్చాక డబ్బా నా ముందు తెరిచి, పార్ట్ నంబరు చూపిస్తే అప్పుడు ఇస్తాను. ఆర్డరు కోసం 20,000 మాత్రం ఇప్పుడు ఇస్తాను" అన్నాను. ఇలా అడగడం మొదటిసారి, గొంతు వణికింది. ఉస్తాద్ వెంటనే సరే అన్నారు. ఎనిమిది రోజులు అనుకున్నది ఆరు రోజుల్లోనే వచ్చింది. డబ్బా తెరిచినప్పుడు నేనూ నాన్నా ఇద్దరం ఉన్నాం, నాన్న కుర్చీలో కూర్చుని చూశారు. బిగించి, గాలి పట్టి, ఆ తర్వాతే బండిని దించారు. నేను అడగకముందే ఉస్తాద్ ఆ మాట చెప్పి మరీ చేశారు, అప్పుడు మనసు కుదుటపడింది.

మొత్తం బిల్లు 97,400. అందులో పరీక్షకి ఇచ్చిన 4,000 తగ్గించారు. పన్ను 18 శాతం. స్ట్రట్‌కి ఏడాది వారంటీ, పనికి ఆరు నెలలు, రెండూ బిల్లు మీదే రాయించుకున్నాను. పాత స్ట్రట్ అడిగి తెచ్చుకున్నాను. బాల్కనీలో పాత దుప్పటి మీద పెట్టాను. రబ్బరుని చేత్తో కొంచెం వంచితే ఆ పగుళ్లు నోళ్లలా తెరుచుకుంటున్నాయి.

ఈ ఉదయం కొలతలు: ముందు ఎడమ రాత్రి 47.5, పొద్దున 47. నాలుగు మూలలా అర సెంటీమీటరే తేడా.

నాన్నని తీసుకుని అవుటర్ మీద శంషాబాద్ దాకా వెళ్లొచ్చాం. తిరిగి వచ్చేటప్పుడు నానక్‌రామ్‌గూడ దగ్గర నిద్రపోయారు. ఆపరేషన్ తర్వాత బండిలో ఆయన నిద్రపోవడం నేను చూడటం ఇదే మొదటిసారి. మెలకువ వస్తుందేమోనని గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద ఆపి ఆపి ఎక్కించాను.


పాతబండి_పిచ్చి
నవంబరు 23, రాత్రి 9:10

అక్కా, ఇది చదివి చాలా సంతోషం వేసింది. కుడిది నెలకోసారి కొలవడం మర్చిపోకండి.


బస్సు_డిపో_రిటైర్డ్
నవంబరు 24, ఉదయం 6:10

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పమ్మా.


కొంపల్లి_కొత్తోడు
నవంబరు 30, మధ్యాహ్నం 3:20

అందరికీ, ముఖ్యంగా పెద్దాయన గారికీ, అక్కకీ చెప్పాలని వచ్చాను. నేను కొనబోయిన బండిని నిన్న చూడటానికి వెళ్లాను. అమ్మే ఆయన్ని బతిమాలి, సాయంత్రం ఏడింటికి ఆపిన చోటే ఉంచి, పొద్దున ఆరున్నరకి నేను వచ్చేదాకా తాళం తిప్పొద్దని అడిగాను. ఆయన ఒప్పుకున్నారు. రాత్రి కొలిస్తే నాలుగూ సమానం. పొద్దున వెనక ఎడమ 5 సెంటీమీటర్లు దిగింది, వెనక కుడి 3. ఆయనకి కూడా తెలియదు, టేపు చూసి కంగారు పడ్డారు. రోజూ పదింటికి స్టార్ట్ చేసి ఏసీ వేసుకుని వెళ్లిపోతారట, ఎప్పుడూ చూడలేదన్నారు. ముందు పరీక్ష చేయించుకుంటాను, తర్వాత మాట్లాడదామన్నారు.

పెద్దాయన గారూ, వెనక రెండూ దిగుతున్నాయి, కానీ సమానంగా కాదు. ఇది వాల్వ్ బ్లాకా, రెండు బ్యాగులా?


బస్సు_డిపో_రిటైర్డ్
నవంబరు 30, సాయంత్రం 5:00

ఇంకో రెండు రాత్రులు కొలవాలి బాబూ. రెండో రోజు కూడా ఎడమే ఎక్కువ దిగితే బ్యాగుల వైపు చూడమను. అంకెలు తారుమారైతే వాల్వ్ బ్లాక్. ఆయన్ని సబ్బు నీళ్లు కొట్టించమను, నువ్వు కూడా పక్కన నిలబడు.